ముందు మనిషిని కొలవండి, తర్వాత బండిని: మీటియర్ 350కి వెనక బ్యాక్‌రెస్ట్ ఎంచుకున్న ఒక కేసు

బ్యాక్‌రెస్ట్ (బండి వెనక సీట్లో కూర్చున్న మనిషి వీపుకి ఆసరా) కోసం మా షాపుకి వచ్చేవాళ్ళలో దాదాపు అందరూ ఫోన్‌లో ఒక ఫోటో చూపించి "అచ్చం ఇలాంటిదే కావాలండి" అంటారు. ఆ ఫోటోలో బండి ఉంటుంది, క్రోమ్ మెరుస్తూ ఉంటుంది, వెనక సీటు మాత్రం ఖాళీగా ఉంటుంది. రేపు ఆ సీట్లో కూర్చోబోయే మనిషి ఆ రోజు షాపుకి రానే రాదు. నేను అమలాపురంలో 16 ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను. గార్డులు, సీట్లు, పెట్టెలు, బ్యాక్‌రెస్టులు బిగించడమే నా జీవనం. అయినా ఈ సంగతి నాకు గట్టిగా తలకెక్కింది కిందటి సంక్రాంతి వెళ్ళాక వచ్చిన ఒక కేసుతోనే. అందులో నేను రెండు తప్పులు చేశాను, మూడోసారికి కుదిరింది. ఎవరికైనా పనికొస్తుందని కొలతలతో సహా మొత్తం రాస్తున్నాను.

బండి, మనుషులు, దారి

బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350, ఫైర్‌బాల్ రకం. ఈ మీటియర్ 2020 నవంబరులో వచ్చినప్పుడు మూడు రకాలుగా వచ్చింది. స్టెల్లార్‌కీ సూపర్‌నోవాకీ బ్యాక్‌రెస్ట్ కంపెనీ నుంచే వస్తుంది, ఫైర్‌బాల్‌కి రాదు. మాస్టారు (రిటైరైన టీచరు, 63 ఏళ్ళు) కొనేటప్పుడు రంగు నచ్చి ఫైర్‌బాల్ తీసుకున్నారు. వెనక కూర్చునేది ఆయన భార్య. అమ్మగారికి 58 ఏళ్ళు, ఎత్తు 4 అడుగుల 11 అంగుళాలు, బరువు 66 కిలోలు. నడుము నొప్పి నాలుగేళ్ళుగా ఉంది.

నెలకి రెండుసార్లు రాజమండ్రిలో ఉన్న కూతురి ఇంటికి వెళ్తారు. బస్సెక్కితే అమ్మగారికి వాంతులు, అందుకని బండి మీదే. అమలాపురం నుంచి కొత్తపేట మీదుగా రావులపాలెం, అక్కడ హైవే ఎక్కి గౌతమి వంతెన దాటి జొన్నాడ, వేమగిరి, రాజమండ్రి. ఒకవైపుకి సుమారు 65 కిలోమీటర్లు.

ఈ దారి గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే బ్యాక్‌రెస్ట్ మీద పడే బరువంతా ఈ దారి నుంచే వస్తుంది. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేశాక డెల్టా అంతా కాలవలు పాకాయి, మన రోడ్లు చాలావరకు ఆ కాలవ గట్లు పట్టుకునే పోతాయి. అంటే కాలవ ఎటు తిరిగితే రోడ్డూ అటే తిరుగుతుంది, వంతెన వచ్చిన ప్రతిచోటా ఎక్కి దిగుతుంది, ఊరు వచ్చిన ప్రతిచోటా స్పీడ్ బ్రేకర్ ఉంటుంది. దాళ్వా (రెండో పంట వరి) కోతలప్పుడు సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. తిన్నగా గంటసేపు పోయే హైవే ప్రయాణం కాదిది, ఆగడం, లాగడం, ఒరగడం, ఎగరడం. వెనక కూర్చున్న మనిషి నడుము దీనంతటినీ తట్టుకోవాలి, పట్టుకోడానికి ముందు హ్యాండిల్ కూడా ఉండదు.

మొదటి తప్పు: అడక్కుండా బిగించడం

మాస్టారు ఆన్‌లైన్‌లో 2,800 రూపాయలు పెట్టి ఒక పొడుగాటి క్రోమ్ బ్యాక్‌రెస్ట్ తెప్పించుకుని తెచ్చారు. సిస్సీ బార్ అంటారు చూడండి, ఆ రకం. రెండు కడ్డీలు పైకి లేచి, చివర అరచేతికి కొంచెం పెద్దగా ఒక గుండ్రటి మెత్త. దాన్ని బిగించాలంటే వెనక పట్టుకునే హ్యాండిళ్ళు తీసేసి ఆ బోల్టుల్లోనే దీన్ని కూర్చోబెట్టాలి. నేను 20 నిమిషాల్లో బిగించి పంపేశాను. అమ్మగారు ఎలా కూర్చుంటారు, ఎంత ఎత్తు ఉంటారు, ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

మూడు వారాలకి మాస్టారు మళ్ళీ వచ్చారు. ఈసారి అమ్మగారు కూడా వచ్చారు, ఆటోలో.

"బాబూ, ఇది పెట్టాక నొప్పి ఎక్కువైంది. తీసేయండి" అన్నారావిడ.

ఎక్కడ నొక్కుతోందని అడిగితే చెయ్యి వెనక్కి పెట్టి రెక్కల మధ్య చూపించారు. నడుము దగ్గర కాదు, రెక్కల దగ్గర. టేపు పెట్టి చూస్తే ఆ మెత్త మధ్యభాగం సీటు మీద నుంచి 36 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. ఆవిడ నడుము గుంట, అంటే ఆనుకోవాల్సిన అసలు చోటు, 19 సెంటీమీటర్ల దగ్గర ఉంది. జానెడు తేడా. పైన భుజాలకి ఆనితే కింద నడుము గాల్లో విల్లులా వంగి ఉంటుంది, ప్రతి గుంతకీ ఆ వంపు ఇంకా వంగుతుంది. నొప్పి తగ్గించడానికి పెట్టింది నొప్పి ఉన్నచోటనే భారం వేసింది.

ఇంకొకటి, మెత్త ఆవిడ వీపుకి 13 సెంటీమీటర్లు వెనక ఉంది. పొట్టిగా ఉండే మనిషి సీటు చివరిదాకా జరిగి కూర్చోలేదు, జరిగితే కాళ్ళు ఫుట్‌రెస్టులకి సరిగ్గా ఆనవు. దాంతో ముందు కూర్చుని, ఆనుకోడానికి వెనక్కి పడుకున్నట్టు వాలేవారు. అలా వాలాక చేతులకి మాస్టారి భుజాలు అందవు. హ్యాండిళ్ళు నేనే తీసేశాను. పట్టు అనేది ఎక్కడా లేదు.

ఇక్కడ రూల్ సంగతి కూడా చెప్పాలి. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లో 123వ నియమం వెనక మనిషి కూర్చునే బండికి మూడు ఉండాలంటుంది: పక్కనగానీ డ్రైవరు సీటు వెనకగానీ కదలకుండా ఉండే చేతి పట్టు, ఫుట్‌రెస్ట్, బట్టలు చక్రంలో చిక్కుకోకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ. బజార్లో దొరికే బ్యాక్‌రెస్టులు చాలావాటికి ఆ మొదటిదాన్ని పీకేస్తేగానీ చోటు దొరకదు. నేను అప్పటిదాకా దీన్ని పట్టించుకోలేదు. ఇప్పుడు హ్యాండిల్ తీసి పెట్టే మోడల్ ఏదైనా నా షాపులో బిగించను, గిరాకీ పోయినా సరే.

మాస్టారు చెప్పిన ఫిర్యాదు వేరే. గౌతమి వంతెన మీద పక్కగాలికి హ్యాండిల్ తేలిగ్గా ఆడుతున్నట్టు ఉందన్నారు. లెక్క వేసి చూశాను. ఈ బండి రెండు చక్రాల మధ్య దూరం 1,400 మిల్లీమీటర్లు. 66 కిలోల మనిషి 10 సెంటీమీటర్లు వెనక్కి వాలితే ముందు చక్రం మీద నుంచి దాదాపు 5 కిలోలు వెనక్కి పోతాయి. 5 కిలోలు పెద్ద లెక్క కాదు, కానీ దానికి తోడు వెనక షాక్ అబ్జార్బర్లు ఒక్కడికి సరిపోయే నంబరులోనే ఉన్నాయి, ఆయన కొన్నప్పటి నుంచి మార్చలేదు. వెనక కూరుకుపోయి ముందు లేచినట్టుగా ఉంది బండి. ఈ బండికి వెనక 6 మెట్ల సర్దుబాటు ఉంటుంది. ఇద్దరు వెళ్ళేటప్పుడు పెంచుకోవాలి, టైరు గాలి కూడా మాన్యువల్‌లో ఇద్దరికి రాసిన లెక్క ప్రకారం కొట్టించుకోవాలి. బ్యాక్‌రెస్ట్ మీదకి తోసేస్తున్న సగం ఫిర్యాదులు ఈ రెండిటితోనే పోతాయి, ముందు అవి సరిచేశాకే మిగతాది చూడాలి.

రెండో తప్పు: చెక్క ముక్క

13 సెంటీమీటర్లు వెనక ఉందిగదా, ముందుకి తెస్తే సరిపోతుందనుకున్నాను. మెత్త వెనక ఒక చెక్క దిమ్మ పెట్టి, పొడుగు బోల్టులు వేసి 7 సెంటీమీటర్లు ముందుకి తెచ్చాను. ఎత్తు తగ్గించడానికి ఆ కడ్డీకి అవకాశం లేదు, అందుకని దాన్ని అలాగే వదిలేశాను. పాత హ్యాండిళ్ళూ పెట్టలేకపోయాను. ఈసారి కూడా తొందరే. రెండో ట్రిప్పుకి వెళ్ళొచ్చేసరికి మెత్త పక్కకి తిరిగిపోయింది, కింద పట్టీ (కడ్డీని బండికి బిగించే ఇనుప ముక్క) దగ్గర ఒక బోల్టు వదులైంది, ఇంకొకటి వంగింది.

ఎందుకు వంగిందో కూర్చుని కాగితం మీద వేసుకుంటేగానీ అర్థం కాలేదు. బండి లాగినప్పుడు వెనక మనిషి మెత్తని ఒక 20 కిలోల బలంతో తోస్తుందనుకుందాం. మెత్త బోల్టుల కంటే 40 సెంటీమీటర్ల పైన ఉంది. కింద పట్టీలో ముందు బోల్టుకీ వెనక బోల్టుకీ మధ్య 6 సెంటీమీటర్లు. 20ని 40తో గుణించి 6తో భాగిస్తే 133. అంటే వెనక్కి 20 కిలోలు తోస్తే కింద బోల్టు మీద 133 కిలోల లాగుడు. రెండు వైపులా పట్టీలున్నాయి కాబట్టి పంచుకుంటాయి అనుకోండి, అయినా ఇది తిన్నటి రోడ్డు మీద లెక్క. స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరి పడినప్పుడు ఎన్ని రెట్లు అవుతుందో ఊహించుకోవచ్చు. అదే మెత్త 20 సెంటీమీటర్లలో ఉంటే ఈ లాగుడు సగానికి సగం తగ్గిపోతుంది. బ్యాక్‌రెస్ట్ పొడుగు పెరిగేకొద్దీ పట్టీకి కష్టం పెరుగుతుందని నాకు తెలుసు, ఎంత పెరుగుతుందో మాత్రం ఆ రోజే తెలిసింది. నేను పెట్టిన చెక్క దిమ్మ ఈ లాగుడు ఏమీ తగ్గించలేదు సరికదా, దాని మీద పడే బరువుకి పొడుగు బోల్టులు వంగే అవకాశం ఇచ్చింది.

అమ్మగారు ఇందులో కిందపడి ఉంటే నేనేం సమాధానం చెప్పేవాణ్ణని రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. ఆ క్రోమ్ కడ్డీ తీసి మాస్టారికి ఇచ్చేశాను, పాత హ్యాండిళ్ళు తిరిగి బిగించాను, కూలి తీసుకోలేదు.

మూడోసారి: మనిషితో మొదలు

ఈసారి ముందు ఒక షరతు పెట్టాను. "అమ్మగారూ, మీకు బండి మీద అంత దూరం వెళ్ళొచ్చో లేదో డాక్టరుగారిని అడిగి రండి. అది నేను చెప్పే మాట కాదు" అన్నాను. వెళ్ళి అడిగొచ్చారు. నొప్పి కాల్లోకి జారడం లేదు కాబట్టి వెళ్ళొచ్చు, అరగంటకోసారి దిగి నాలుగడుగులు నడవాలి, నొప్పి కాల్లోకి దిగితే మాత్రం బండి మానేయాలి అన్నారట. ఇది ముఖ్యం. ఇది లేకుండా నడుము నొప్పి ఉన్నవాళ్ళకి బ్యాక్‌రెస్ట్ అమ్మడం తప్పని నా అభిప్రాయం.

తర్వాత ఆవిడ్ని బండి మీద కూర్చోబెట్టాను. ముందు మాస్టారు, వెనక ఆవిడ, ఇద్దరికీ హెల్మెట్లు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ప్రకారం వెనక కూర్చున్నవాళ్ళకీ హెల్మెట్ తప్పనిసరేగాని, నేను పెట్టించింది దానికోసమే కాదు. హెల్మెట్ బరువుకి మెడ, భుజాలు ఉండే తీరు మారిపోతుంది, హెల్మెట్ లేకుండా తీసుకున్న కొలత రోడ్డు మీద కుదరదు. పది నిమిషాలు అలా కూర్చోనిచ్చి, సీటు స్పాంజి పూర్తిగా కుంగాక టేపు పెట్టాను. ఖాళీ సీటు మీద నుంచి కొలిస్తే మూడు సెంటీమీటర్లు తప్పు వస్తుంది, మీరు ఇంట్లో కొలుచుకున్నా ఈ మాట గుర్తుపెట్టుకోండి.

అప్పుడు అడగాల్సిన ప్రశ్న అడిగాను. "మీరు ఎలా కూర్చుంటారండీ, ఒకవైపుకా, రెండువైపులా కాళ్ళేసా?"

"రాజమండ్రి వెళ్ళేటప్పుడు చుడీదార్ వేసుకుని రెండువైపులా వేస్తాను బాబూ, అమ్మాయి పోరు పెట్టి నేర్పింది. ఊళ్ళో గుడికీ, బజారుకీ చీరేగా, ఒకవైపే."

ఇది ఎవరూ అడగని విషయం. కంపెనీ పుస్తకాల్లోనూ ఉండదు. మన దగ్గర వెనక సీటు మీద రెండు రకాల కూర్చోడాలున్నాయి, రెండిటికీ కావాల్సింది వేరు. ఒకవైపు కూర్చున్నప్పుడు ఆవిడ మొహం ఎడమవైపుకి ఉంటుంది, కుడి చెయ్యి మాస్టారి భుజం మీద, ఎడమ చెయ్యి వెనక హ్యాండిల్ మీద. అప్పుడు వీపుకి ఆసరా ఏ బ్యాక్‌రెస్టూ ఇవ్వలేదు. మెత్త వచ్చి తగిలేది ఎడమ పక్కటెముకలకి, మోచేతికి. మెత్త ముందుకి ఉంటే సీటు మీద చోటు తగ్గిపోయి ఒంటి తొడ మీద కూర్చోవాల్సి వస్తుంది, ఇది చాలా ప్రమాదం. పైగా పొడుగు కడ్డీ ఉంటే పమిట కొంగు దానికి చుట్టుకుంటుంది, ఆ క్రోమ్ కడ్డీకి ఒకసారి అలాగే పట్టేసి జాకెట్టు దగ్గర పిన్ను ఊడిందని ఆవిడే చెప్పారు.

అంటే రాజమండ్రి దారిలో మెత్త ముందుకి ఉండాలి, ఊళ్ళో తిరిగేటప్పుడు వెనక్కి ఉండాలి.

ఇంకో మనిషి కూడా ఉన్నాడు ఈ లెక్కలో, మాస్టారు. ఆయనకి మోకాళ్ళు అంతంత మాత్రం. బండి ఎక్కేటప్పుడు కుడి కాలు వెనక సీటు మీదుగా తిప్పి వేస్తారు. మీటియర్ సీటు 765 మిల్లీమీటర్లే కాబట్టి ఇబ్బంది ఉండేది కాదు, పొడుగు కడ్డీ వచ్చాక కాలు తిప్పడానికి లేక ముందు నుంచి మడిచి దూర్చాల్సి వచ్చేది, ఒకసారి ట్యాంకుకి తగిలి బండితో సహా ఒరిగిపోయారు. ఆయన కాలు హాయిగా ఎంత ఎత్తు లేస్తోందో కూడా కొలిచాను. సీటు పైన 28 సెంటీమీటర్లు దాటకూడదని తేలింది.

ఇలా ముగ్గురి, అంటే చుడీదార్లో అమ్మగారు, చీరలో అమ్మగారు, మాస్టారు, ఈ ముగ్గురి కొలతలూ ఒక కాగితం మీద పెట్టాక ఎంపిక నిజంగా తేలికైపోయింది. మెత్త అడుగు అంచు సీటు నుంచి 11 సెంటీమీటర్లు, పై అంచు 27. మధ్య భాగం 19, అంటే నడుము గుంటలో. మరీ కిందికి పెడితే పిరుదుల్ని ముందుకి తోసి మనిషి జారిపోతుంది, అందుకే అడుగున బెత్తెడు కంటే ఎక్కువ ఖాళీ వదిలాను. వెడల్పు 30. వాలు నిటారు నుంచి ఒక 10 డిగ్రీలు వెనక్కి, అంతకు మించి వద్దు, అంతకు మించితే మళ్ళీ వాలిపోవడమే.

ఏది కొన్నాం, ఏది చేయించాం

సర్వీసుకి వచ్చిన ఇంకొకరి స్టెల్లార్ ఆ వారం నా దగ్గరుంది. ఆయన ఒప్పుకున్నాక అమ్మగారిని దాని మీద కూర్చోబెట్టి చూశాం. కంపెనీ బ్యాక్‌రెస్ట్ పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది, ఎత్తు ఆవిడకి దాదాపు సరిపోయింది. హ్యాండిళ్ళు ఉన్నచోటే ఉంటాయి. బోల్టులు బండికి ముందే ఉన్న చోట్లలో పడతాయి, వెల్డింగ్ లేదు, రంధ్రం లేదు. లోపం ఒక్కటే, ఆవిడ వీపుకీ మెత్తకీ మధ్య ఇంకా 7 సెంటీమీటర్ల ఖాళీ.

నిజానికి చాలామందికి నేను చెప్పేది ఇదే. మీ బండికి కంపెనీదే బ్యాక్‌రెస్ట్ దొరికితే ముందు దాని మీద మీ ఇంటి మనిషిని కూర్చోబెట్టి చూడండి. బజాజ్ అవెంజర్ 220 క్రూజ్‌కి బండితోనే వస్తుంది. సూపర్ మీటియర్ 650లో టూరర్ రకానికి వస్తుంది. ఊరికే కొత్తది చేయిస్తానంటే నాకు నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయి, కానీ బరువు మోసే పట్టీ విషయంలో కంపెనీ వాళ్ళు పరీక్షించి పెట్టిన చోటుని కాదని మనం కొత్తది వెల్డింగ్ చేయడం మంచిది కాదు. ఫ్రేముకి వెల్డింగ్ పెట్టమని అడిగేవాళ్ళు ఇప్పటికీ వస్తారు. వెల్డింగ్ వేడికి ఆ పక్క ఇనుము గుణం మారిపోతుంది, పగులు చాలాసార్లు అతుకు పక్క నుంచే మొదలవుతుంది, పైకి రంగు వేశాక కనపడదు.

కాబట్టి కంపెనీ బ్యాక్‌రెస్టే తెప్పించాం. ఆ 7 సెంటీమీటర్ల కోసం విడిగా ఒక దిండు కుట్టించాం. దిండు వెనక రెండు పట్టీలు, బకిల్స్. రాజమండ్రి వెళ్ళే రోజున తగిలించుకుంటారు, ఊళ్ళో తిరిగే రోజున తీసి ఇంట్లో పెడతారు. మనిషి బరువు దిండుని బ్యాక్‌రెస్ట్ మీదకి నొక్కుతుందంతే, పట్టీల మీద బరువేమీ పడదు. అవి కింద పడకుండా పట్టుకోడానికే. చెక్క దిమ్మకీ దీనికీ తేడా అదే, బోల్టుల పొడుగు ఒక్క మిల్లీమీటరు కూడా పెరగలేదు.

దిండు కుట్టింది మా పక్కవీధిలో సీట్లు కుట్టే ఆయన. నేను మెత్తటి స్పాంజి అడిగితే ఆయన ఒప్పుకోలేదు. మెత్తటిది షాపులో వేలితో నొక్కితే బాగుంటుంది, పది కిలోమీటర్లకి అణిగిపోయి వెనక ప్లేటు తగులుతుంది అన్నారు. ఆయన మాట నిజం. చివరికి వెనక వైపు రబ్బరు కలిపిన కొబ్బరిపీచు షీటు, పరుపుల్లో వేస్తారే అది, ముందు గట్టి స్పాంజి, పైన అంగుళంలో సగం మెత్తటి స్పాంజి. కొబ్బరిపీచు కోనసీమలో దొరకనిదేం కాదుగాని అందుకోసం వేయలేదు, దాని సందుల్లో గాలి ఆడుతుంది, తడిస్తే నీరు కిందికి దిగిపోతుంది. స్పాంజి అయితే వానలో తాగిన నీటిని మూడు రోజులు వదలదు. పైన రెగ్జిన్. కుట్టు మీద నుంచే నీళ్ళు లోపలికి పోతాయి కాబట్టి ముందు వైపు కుట్టు రాకుండా పక్కలకి తీసుకెళ్ళి, అడుగున రెండు చిన్న రంధ్రాలు వదిలారు. ముందు అంచులన్నీ గుండ్రంగా. మొత్తం ఖర్చు కంపెనీ బ్యాక్‌రెస్ట్ కాక దిండుకి 1,100 రూపాయలు.

బోల్టుల దగ్గర మాత్రం నేను పంతంగా ఉంటాను. కంపెనీ బోల్టులే, టార్క్ రెంచితో (ఎంత బిగువు వచ్చిందో చూపించే పానా), మాన్యువల్ లెక్కకి, బోల్టు మరకి నీలం రంగు థ్రెడ్‌లాకర్ (వదులవకుండా పట్టే జిగురు) చుక్క. బిగించాక నట్టు మీద, పట్టీ మీద కలిసేలా తెల్ల పెయింటుతో ఒక గీత గీస్తాను. గీత విరిగితే నట్టు తిరిగినట్టు, పానా పట్టుకోవడం రాని మనిషి కూడా చూసి చెప్పగలడు. అమ్మగారికి అది చూపించాను. బండి ఎక్కే ముందు రోజూ చూస్తున్నారు ఆవిడ.

రోడ్డు మీద

మొదటి ట్రయల్ రాజమండ్రికి కాదు, కొత్తపేట దాకా వెళ్ళి రమ్మన్నాను. నేను వెనకాల నా బండి మీద వెళ్ళాను. వెనక నుంచి చూస్తే చాలా తెలుస్తుంది. స్పీడ్ బ్రేకర్ మీద వీపు మెత్తని వదిలి మళ్ళీ వచ్చి గుద్దుకుంటోందా, బ్రేకు వేసినప్పుడు మనిషి ఎంత ముందుకి జారుతోంది, ఇవన్నీ. గుద్దుకోవడం లేదు. జారడం మాత్రం ఉంది. బ్యాక్‌రెస్ట్ వెనక్కి పడకుండా ఆపుతుంది, ముందుకి జారకుండా ఆపలేదు. దానికి చేతులే దిక్కు, పక్కనున్న హ్యాండిళ్ళే. బ్యాక్‌రెస్ట్ ఉందిగదా అని చేతులు ఒళ్ళో పెట్టుకునే అలవాటు చాలామందికి వస్తుంది, అది మానాలి. రోడ్డు మీద ధాన్యం కుప్ప కనపడి మాస్టారు ఒక్కసారి బ్రేకు తొక్కితే ఏమవుతుందో ఆవిడకి అక్కడే ఆగి చెప్పాను.

200 కిలోమీటర్లకి తెచ్చి చూపించమన్నాను. ఒక గీత కొంచెం విరిగింది, ఎడమ పట్టీ వెనక నట్టు. మళ్ళీ బిగించాను. తర్వాత 1,000 కిలోమీటర్లకి చూస్తే ఏ గీతా కదల్లేదు.

ముందు రాజమండ్రి చేరేలోపు నాలుగుచోట్ల ఆగేవారు నొప్పితో. ఇప్పుడూ మూడుసార్లు ఆగుతున్నారు, అయితే డాక్టరు చెప్పిన నడక కోసం, నొప్పి కోసం కాదు. చేరాక వెంటనే పడుకునే పరిస్థితి లేదని, మనవడిని ఎత్తుకోకపోయినా పక్కన కూర్చోబెట్టుకోగలుగుతున్నానని చెప్పారు. నొప్పి తగ్గిపోయిందా అంటే లేదు. ఇంట్లో రోట్లో రుబ్బినా, బిందె ఎత్తినా నొప్పి వస్తూనే ఉంది. అది వైద్యం సంగతి.

ఆ మనవడి మాట వచ్చింది కాబట్టి, వాడికి మూడేళ్ళు. ఇద్దరి మధ్యలో కూర్చోబెట్టుకుంటే పరవాలేదా, వెనక ఆసరా ఉందిగా అని మాస్టారు అడిగారు. పరవాలేదని నేను అనలేదు. 9 నెలల నుంచి 4 ఏళ్ళ లోపు పిల్లల్ని బండి మీద తీసుకెళ్తే నడిపేవాళ్ళకి కట్టే బెల్టు, పిల్లల సైజు హెల్మెట్, గంటకి 40 కిలోమీటర్లు దాటని వేగం ఉండాలని కేంద్రం 2022లో నియమం తెచ్చింది, 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. బ్యాక్‌రెస్ట్ వాటికి బదులు కాదు. ఆయన తీసుకెళ్ళడం మానేశారు.

మూటలు కట్టడం గురించి కూడా గొడవైంది మా ఇద్దరికీ. కొబ్బరికాయల సంచి బ్యాక్‌రెస్టుకి వెనక తగిలించి వెళ్ళారొకసారి, గీతలు చూస్తే తెలిసిపోయింది. పది కాయల సంచి బ్యాక్‌రెస్ట్ వెనక వేలాడితే గుంత గుంతకీ పట్టీని వెనక్కి గుంజుతుంది. కాయలు కావాలంటే పక్కన సైడ్ బ్యాగ్ పెట్టిస్తానన్నాను, పెట్టించుకున్నారు.

వానాకాలం వెళ్ళాక, దీపావళి తర్వాత మొత్తం విప్పి చూశాను. వీళ్ళు ఏడాదిలో మూడు నాలుగుసార్లు అంతర్వేది కూడా వెళ్తారు, సముద్రం గాలి తగిలిన ఇనుము ఎలా ఉంటుందో కోనసీమలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. నల్ల పౌడర్ కోటింగ్ బాగానే ఉంది. బోల్టు తలల చుట్టూ పానా గీరుకున్నచోట తుప్పు మొదలైంది. తుడిచి, గ్రీజు పట్టించి, గీతలు మళ్ళీ గీశాను. మొదట తెచ్చిన ఆ క్రోమ్ కడ్డీ మాస్టారి ఇంటి వరండాలోనే పడుంది, వాన తగలకుండానే దాని మీద క్రోమ్ పొక్కులు లేచింది. కొనేటప్పుడు మెరుపు చూడకుండా పౌడర్ కోటింగో, స్టెయిన్‌లెస్సో చూసుకోమని సముద్రం దగ్గరివాళ్ళకి చెప్పేది అందుకే.

దిండు లోపల పొడిగా ఉంది. కొబ్బరిపీచు అణగలేదు. పైన మెత్తటి స్పాంజి ఒక అరసెంటీమీటరు అణిగింది. అమ్మగారిని మళ్ళీ కూర్చోబెట్టి కొలిచాను, నడుము గుంట ఇంకా మెత్త మధ్యలోనే పడుతోంది.

ఇంకా కుదరంది ఒకటుంది. ఫుట్‌రెస్టులు. ఆవిడ కాళ్ళు వాటికి ఆనుతున్నాయిగాని పాదం ముందు భాగమే ఆనుతోంది, మడమ గాల్లో ఉంటోంది. గంట దాటితే పిక్కలు పట్టేస్తున్నాయట. ఫుట్‌రెస్ట్ మీదకి ఒక వెడల్పు రబ్బరు ప్లేటు రెండు సెంటీమీటర్లు ఎత్తుగా చేయించి, మడిచినప్పుడు సైలెన్సర్‌కి తగలకుండా కూర్చుంటుందేమో చూస్తున్నాను. ఈ కార్తీకమాసంలో మాస్టారు బండి రెండు రోజులు వదిలిపెడతానన్నారు.